పలుకొద్దన్న లొద్ది

ఆసిఫాబాద్ దాటి తిర్యాణి దిక్కు అడవిలకు పోతుంటే, తారురోడ్డు ఖతమైనంక ఒక మట్టి తొవ్వ వస్తది. ఆ తొవ్వ ఆఖర్ల ఒక లొద్ది ఉన్నది. రెండు గుట్టల నడుమ గొడ్డలితోని చీల్చినట్టు ఇరుకుగ, లోతుగ ఉంటదట. పైనుంచి ఒర్రె, అంటే అడవి వాగు, దుంకుతది. పొద్దున చూసినోళ్ళు కండ్లు తిప్పుకోలేరంటరు. కని పొద్దుగూకినంక అటు దిక్కు మనిషి పోడు. మేకలను గూడ తోలుకపోరు.

దాన్ని పిలుపు లొద్ది అంటరు.

చీకటి వడ్డంక అక్కడ ఎవరో పేరు వెట్టి పిలుస్తరట... మనకు తెలిసిన గొంతుతోనే. పలుకొద్దట. పలికితే ఆ గొంతు దిక్కే కాళ్ళు పోతయట. వెదురు కొట్టవోయిన ఒకాయన అట్లనే పలికి పోయిండట — తెల్లారి కింద రాళ్ళల్ల దొరికిండట. ఆయనెవరు, ఏ ఊరు అంటే ఎవరు సక్కగ చెప్పరు. పలుకొద్దనే మాట మాత్రం అందరు ఒక్కతీరుగ చెప్తరు.

నేను అక్కడికి పోలే. పోను గూడ. పోయింది మా తమ్ముడు సాయిచంద్, వాని దోస్తు రాహిల్. ఆ రాత్రి ఏమైందో తమ్ముడు ఒక తీరు చెప్పిండు, రాహిల్ ఒక తీరు చెప్పిండు. రెండు విన్నది నేనొక్కదాన్నే.

మాది సిరిసిల్ల. బాపుది, తమ్మునిది సాంచెల మీద పని. మరమగ్గాలను మా దిక్కు సాంచెలే అంటం. రాహిల్‌ది కాగజ్‌నగర్. వాళ్ళ నాయిన జలాలుద్దీన్‌కు బజార్ల చెప్పుల దుకాణం ఉన్నది. ఇద్దరు కరీంనగర్‌ల ఐటీఐ చదివేటప్పుడు ఒక్క రూముల ఉన్నరు. చదువు అయిపోయింది గని దోస్తానా అట్లనే ఉన్నది.

ఇద్దరికి తిరుగుడు పిచ్చి. లాడ్జిలు, కార్లు ఏం లేవు. రైల్ల జనరల్ డబ్బాల నిలవడి పోవుడు, బడి వరండాలల్ల, దర్గా అరుగుల మీద పండుడు, మూడు రాళ్ళు వెట్టి అన్నం వండుకునుడు. ఒకపారి కొండగట్టుకు నడుసుకుంట పోయిన్రు. రాహిల్ గూడ పోయిండు. వీడు దర్శనం చేసుకోని వచ్చేదాక మెట్ల కాడ కోతులకు పల్లీలు వెట్టుకుంట కూసున్నడట.

రాహిల్‌కు ఒకటే పట్టు — నలుగురు పోయే జాగకు పోవద్దని. పేరున్న జలపాతం కాడ నీళ్ళ కంటె చిప్సు కాయితాలే ఎక్కువ ఉంటయని అనేటోడు. పోయిన శ్రావణంల నూలు రాక మా సాంచెలు ఆగిపోయినయ్. తమ్ముడు ఇంట్ల ముఖం ముడుసుకోని కూసున్నడు. అప్పుడే రాహిల్ ఫోన్ చేసిండు, ఎవరు చూడని లొద్ది ఒకటి దొరికిందని. వానల అడవికి ఎందుకని నేను అడ్డం చెప్పిన. వినలే. సంచిల బియ్యం, పప్పు, ఒక గిన్నె, ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు వేసుకోని పోయిండు.

రైలు దిగి, జీపు ఎనుక వేలాడుకుంట పోయి, ఆడికెల్లి నడిసి ఆఖరి గూడెం చేరుకున్నరు. అక్కడ మేకలు కాసే హనుమండ్లు అనే ఆయన ఇంటి ముంగట నీళ్ళు అడిగిన్రు. ఆయన భార్య యాదవ్వ నీళ్ళతోని ఊకోలే, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు వెట్టింది. లొద్దికి పోతున్నమని చెప్పంగనే హనుమండ్లు వద్దన్నడట. జరసేపటికి తొవ్వ చూపిచ్చిండు. పొద్దు ఉండంగనే ఎనుకకు రమ్మన్నడు.

"ఒకవేళ ఆగిపోతే... ఎవరు పిలిచినా పలుకకుండ్రి," అన్నడు. "మీ అవ్వ గొంతే అయినా సరే."

రాహిల్ నవ్విండట. మా అమ్మీ పిలిస్తే నేను పగటి పూటనే పలుకను కాకా, పలికితే పని చెప్తది అన్నడట. యాదవ్వ గూడ నవ్వింది. హనుమండ్లు నవ్వలే.

తొవ్వల ఒర్రెను దాటాలె. అప్పుడు మోకాలు లోతు గూడ లేదు. దాటి, టేకుచెట్ల నడుమ నుంచి ఎక్కి లొద్ది మీదికి చేరుకున్నరు. ఆడ ఒక పెద్ద రాయి ఇంటి చూరు లెక్క ముందటికి వచ్చి ఉన్నదట. దాని కింద సంచులు వెట్టిన్రు. ఎదురుంగ ఒర్రె తెల్లగ లోపటికి దుంకుతున్నది. రెండు దిక్కుల పచ్చని గోడలు, నీళ్ళ తుంపర, మనిషి అలికిడి లేదు.

"చిన్నప్పటి సంది నా చెవులల్ల సాంచెల చప్పుడు ఉంటది గదక్కా," అన్నడు తమ్ముడు నాతోని. "ఆడ నిలవడ్డంక అది పోయింది. మొత్తం పోయింది."

ఎనుకకు మళ్ళేటాళ్ళకు పొద్దు ఇంక ఉన్నది. కని రాహిల్‌కు కిందికెల్లి వీడియో తీయాలనిపిచ్చింది. నీళ్ళ పక్కకు రాళ్ళ సందు ఒకటి మెట్ల లెక్క దిగుతున్నది. నువ్వు చాయ పెట్టు, గింతల వస్త అని ఫోన్ పట్టుకోని దిగిండు. తమ్ముడు తడి పుల్లలు ఏరుకొచ్చి ఊదుకుంట కూసున్నడు.

పొగకు కండ్లు మండి తల ఎత్తిండు...

నీళ్ళ రంగు మారింది.

తెల్లగ దుంకే నీళ్ళు ఎర్రగ దుంకుతున్నయ్. వాళ్ళ నెత్తి మీద ఒక్క చుక్క పడలే. పైన ఏ గుట్టల మీదనో వాన గట్టిగ కొట్టి ఉంటది. చప్పుడు పెరిగింది. చెట్ల కొమ్మలు కొట్టుకొస్తున్నయ్. చూస్తుండంగనే ఒర్రె ఒడ్డు మీదికి ఎక్కింది — రాహిల్ దిగిన రాళ్ళ సందులకెల్లి గూడ నీళ్ళు దుంకుతున్నయ్.

తమ్ముడు ఒర్రిండు. గొంతు పోయేదాక ఒర్రిండు. నీళ్ళ మోతల వాని ఒర్రుడు వానికే వినపడలే. దిగుదామంటే తొవ్వ లేదు. గూడెంకు ఉరుకుదామని కిందికి పోతే, పొద్దుగాల దాటిన ఒర్రె ఇప్పుడు మనిషి నిలువు మీద పోతున్నది. ఫోన్ల సిగ్నల్ లేదు. మళ్ళ పైకే వచ్చిండు.

లొద్ది అవుతలి ఒడ్డు మీద మేకల తొవ్వ ఒకటి గూడెం దిక్కు పోవుడు పొద్దున ఇద్దరు చూసిన్రు. రాహిల్ అటు ఎక్కి ఉంటడు అనుకున్నడు తమ్ముడు. అటే ఎక్కి గూడెంకు పోయి ఉంటడు... హనుమండ్లు ఇంట్ల కూసోని, నా కోసం పరేషాన్ అయితుండొచ్చు. అట్ల అనుకోని, అనుకోని, ఆఖరికి అదే నిజమని నమ్మిండు. నమ్మకపోతే ఆ రాత్రి ఆడ కూసోలేకపోతుండె.

పొద్దుగూకింది. వాన వాని మీదికి గూడ వచ్చింది. పొయ్యి ఆరిపోయింది. కవరు కప్పుకోని రాయి చూరు కింద ముడుసుకున్నడు. అడవి చీకటి మన ఇంట్ల కరెంటు పోయినప్పటి చీకటి లెక్క ఉండదన్నడు. కండ్లు తెరిసినా మూసినా ఒక్కటేనట.

వాన ఆగింది. ఒర్రె మోత మెల్లమెల్లగ తగ్గింది. ఆకుల మీదికెల్లి నీళ్ళు కారే చప్పుడు...

అప్పుడు వినపడ్డది.

"సాయీ..."

తమ్ముడు తల కవరు బయటికి వెట్టిండు. గాలి అనుకున్నడు.

"సాయీ..."

గాలి కాదు. వాని పేరే. రాహిల్ గొంతు లెక్కనే ఉన్నది — కని రాహిల్ గొంతు కాదు. రాహిల్‌ది బజార్ల చెప్పులు అమ్మిన గొంతు, గల్లీ చివర నుంచి పిలిస్తే ఇంట్ల వినపడుతది. ఇది సన్నగ, పసిపోరగాని మూలుగు లెక్క, ఆగి ఆగి వస్తున్నది. అది గూడ ఒక్క దిక్కు నుంచి కాదు. ఒకపారి ముంగటి నుంచి, ఒకపారి ఎడమ దిక్కు నుంచి, ఒకపారి... ఎనుక నుంచి. ఎనుక రాయి తప్ప ఏం లేదు.

నోరు తెరిసిండు. పలుకుదామనే తెరిసిండు. సెల్లు లైటు వేసుకోని లేసిండు. ఆ గొంతు దిక్కు కాళ్ళు వాటంతట అవే పోయినయట. పోంగ పోంగ ఒక రాయి కాలి కిందికెల్లి జారింది. జారి పడ్డది... కింద తగిలిన చప్పుడు ఎంతసేపటికి గాని రాలే.

లైటు కిందికి కొట్టి చూసిండు. వాని కాలి బొటనవేలు ముంగట భూమి లేదు.

హనుమండ్లు మాట అప్పుడు యాదికొచ్చింది. మోకాళ్ళ మీద పాక్కుంట ఎనుకకు వచ్చిండు. లైటు బందు చేసిండు. తువ్వాల నోట్ల కుక్కుకున్నడు — నిద్రల గూడ పలుకొద్దని.

"సాయీ... రా... ఇటు రా..."

చెవులు మూసుకున్నడు. చేతుల సందుల నుంచి గూడ వినపడుతున్నది. ఆంజనేయస్వామిని తలుసుకున్నడు. అది ఆగుతది, జరసేపు ఏం ఉండదు, పోయిందనుకుంటడు... మళ్ళ మొదలైతది. ఒకపారి ఏడ్సింది. ఒకపారి ఏదో ముచ్చట చెప్పినట్టు గొణిగింది. తెల్లారగట్ల దాక అట్లనే.

తెల్లారగట్ల ఆగిపోయింది.

మళ్ళ రాలే.

"హమ్మయ్య అనుకున్ననక్కా," అన్నడు తమ్ముడు. "పీడ పోయిందనుకున్న. ఆ మాట అనుకోని... కండ్లు మూసి పన్న."

జర వెలుగు రాంగనే కింద మనుషుల మాటలు వినపడ్డయ్. హనుమండ్లు, ఇంక ఇద్దరు మొగోళ్ళు, భుజం మీద తాడు. ఒర్రె తగ్గేదాక ఆగి వచ్చిన్రట. తమ్ముని చూసి హనుమండ్లు రెండు చేతులు జోడిచ్చి మొక్కిండు. తర్వాత అటిటు చూసిండు.

"ఇంకొక పిలగాడేడి?"

మీ ఇంటికి రాలేదా అని అడుగుదామనుకున్నడు తమ్ముడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది — రాలే. గూడెంకు ఎవరు రాలే.

అంటే రాత్రి పిలిచింది...

లొద్ది దిక్కు ఉరికిండు. ఎనుక నుంచి వాళ్ళు పిలుస్తున్నా ఆగలే. తాడు నడుముకు కట్టంగనే అందరి కంటె ముందు వీడే దిగిండు.

సగం లోతుల, నీళ్ళ పక్కకు, రాతి గూడు లెక్క ఒకటి ఉన్నది. ఆడ ఉన్నడు రాహిల్. కుడి కాలు రెండు రాళ్ళ నడుమ ఇరుక్కోని ఇరిగింది. పక్కబొక్కలు ఇరిగి ఊపిరి నిండ ఆడుతలేదు. అందుకే ఆ గొంతు అట్ల వచ్చింది. ఆ గూడుల ఛాతి దాక నీళ్ళు నిలిచినయ్. వీపు రాయికి ఆనిచ్చి, తల పైకెత్తి కూసున్నడు. ఒక్క కునుకు తీస్తే చాలు, తల వాలి నీళ్ళల్లనే ముఖం పడేది.

కండ్లు తెరిసే ఉన్నయ్. తమ్ముని చూసిండు.

"వచ్చినవా," అన్నడు. సోయి తప్పింది.

వెదురు బొంగులకు దుప్పటి కట్టి, ఒర్రె దాటిచ్చి, జీపు తొవ్వ దాక మోసుకొచ్చిన్రు. తొవ్వల హనుమండ్లు మెల్లగ అడిగిండట, రాత్రి ఈ పిలగాడు పిలువలేదా అని. తమ్ముడు తల అడ్డం ఊపిండు. ఏం వినపడలే అన్నడు. ఆయన మళ్ళ అడుగలే.

మంచిర్యాల ఆస్పత్రిల వేసిన్రు. ఫోన్ రాంగనే నేను, బాపు పోయినం. మేం పోయేటాళ్ళకు కాలుకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఫికర్ లేదని డాక్టర్ చెప్పిండట. రాహిల్ వాళ్ళ అక్క మహెక్ నన్ను పట్టుకోని ఏడ్సింది. మీ తమ్ముడు లేకుంటే మా తమ్ముడు లేడు అన్నది. నేను మా వాని కోసం చూసిన. వరండా చివర, చెప్పులు ఇడిసే కాడ, గోడకు ఆనుకోని కూసున్నడు. అంగి మీద మట్టి ఎండిపోయి ఉన్నది. లోపటికి పోతలేడట. ఎవరు పిలిచినా లేస్తలేడట.

పక్కకు కూసున్న. అప్పుడు చెప్పిండు నాకు, ఇదంత. తల ఎత్తకుంటనే చెప్పిండు.

"వాడు రాత్రంత పిలిచిండక్కా. నేను వింటనే ఉన్న. ఒక్కపారి గూడ పలుకలే."

వానికేం చెప్పాలె నేను? అంత చీకట్ల, అంత భయంల నేనైనా పలుకకపోతుంటి అని చెప్పిన. నిజమే చెప్పిన. కని ఆ మాట వాని దాక పోలే.

మహెక్ మళ్ళ వచ్చింది. రాహిల్‌కు తెలివి వచ్చిందని, సాయిని పిలుస్తుండని చెప్పింది. పిలుస్తుండు అనంగనే మా వాడు చెవులు మూసుకున్నడు. నేను చెయ్యి పట్టుకోని లేపిన. వాడు లోపటికి పోయేది తప్పు ఒప్పుకోవటానికేనని నాకెర్కైంది. మొత్తం చెప్పేస్త, ఎట్లన్న కానీ అని గొణుక్కుంటనే వచ్చిండు.

మంచం కాడ వాళ్ళ అమ్మ సలీమా తస్బీ పూసలు తిప్పుకుంట కూసున్నది. జలాలుద్దీన్ లేసి మా వాని తల మీద చెయ్యి వెట్టిండు. మా వాడు ఇంక కుంగిపోయిండు.

"రాహిల్... రాత్రి నేను..." అని మొదలువెట్టిండు.

రాహిల్ చెయ్యి ఎత్తి ఆపిండు. ఊపిరి తీసుకోని తీసుకోని మాట్లాడుతుండు. మా వానితోని కాదు, నాతోని.

"పద్మక్కా... వీడు లేకుంటే నేను పండేటోణ్ణి," అన్నడు. "నేను పిలిచిన ప్రతిసారి పలికిండు."

మా వాడు నా చెయ్యి ఇడిసిండు.

రాహిల్ చెప్తనే ఉన్నడు. తన కండ్లు మూతలు పడుతుంటే, పడుకోకు, నాతోని మాట్లాడు అన్నడట సాయి. నొప్పి పుడుతున్నదంటే, ఏడువు గని పండకు అన్నడట. మీ ఇంట్ల ఎవరెవరున్నరు అని అడిగిండట. మీ అమ్మ పేరేంది, మీ నాయిన ఏం పని చేస్తడు అని అడిగిండట. అన్నీ ఎరికైన సంగతులే... నన్ను మేల్కొల్పెతందుకే తెల్వనట్టు అడుగుతుండు అనుకోని అన్నీ చెప్పిన అన్నడు రాహిల్. చెప్పుకుంట చెప్పుకుంట ఉండంగనే రాత్రి గడిసిపోయిందన్నడు.

సలీమా తస్బీ ఆపి, కండ్లు తుడుసుకున్నది. మహెక్ మా తమ్ముని దిక్కు చూస్తున్నది. నేను ఎవరి దిక్కు చూడలేకపోయిన. రాత్రంత రాహిల్ పిలుపు తప్ప ఇంకో గొంతు వినపడలేదని మా వాడు నాకు ఇప్పుడే చెప్పిండు.

"నేను పలుకలే రా," అన్నడు మా తమ్ముడు. చాలా మెల్లగ అన్నడు. "అల్లా తోడు, దేవుని తోడు... నేను నోరు తెరువలే."

రాహిల్ నవ్వబోయి, పక్కబొక్కలు కలుక్కుమంటే ఆగిండు. పరాచికాలు ఆడుతుండు అనుకున్నడో, పొగడ్త వద్దని అట్లంటుండు అనుకున్నడో. తర్వాత ముఖంల నవ్వు పోయింది.

"ఒక్కటే సమజ్ కాలే నాకు," అన్నడు. "జర దగ్గరికి రారా, చెయ్యి పట్టుకో అని అడిగిన. వద్దు, నేను దగ్గరికి వస్తే నువ్వు ఉండవు అన్నవ్. సరే... భయపడ్డవేమో అనుకున్న. తెల్లారగట్ల నువ్వే చెప్పినవ్, ఇగ పిలువకు, ఊపిరి దాసుకో అని. అందుకే బందువెట్టిన. కని ఆఖరికి ఒక మాట అన్నవ్..."

మా తమ్ముని దిక్కు తిరిగి, వాని కండ్లల్లకు చూసిండు.

"నీ దోస్తు పైన ఉన్నడు, పొద్దు పొడవంగనే వస్తడు అన్నవ్. నా దోస్తువు నువ్వే కదరా... గట్లెందుకన్నవ్?"